జుట్టు ఎవరి చేతిలో ఉందో చూడండి

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. నెలనెలా కొంత మిగిల్చి, పదిహేనేళ్ల పాటు కదపకుండా ఉంచేలా టెక్నాలజీ కంపెనీల షేర్లు కొనాలని ఉంది. తన రంగంలో ఏ కంపెనీ రాజ్యమేలుతుందో ముందే పసిగట్టడం ఎలా? ‘మంచి ప్రాడక్ట్ ఉన్న కంపెనీని పట్టుకో, చాలు’ అంటున్నారు ఫ్రెండ్స్. నిజంగా అది చాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలదమ్మా. ప్రాడక్ట్ బాగుండాలి, కాదనను. కానీ నేను ముందుగా చూసేది ఇంకొకటి. ఆ కంపెనీ రేపు ధర పెంచితే కస్టమర్ వదిలేసి వెళ్లిపోగలడా? వెళ్లలేకపోతే అతని జుట్టు ఆ కంపెనీ చేతిలో ఉన్నట్టే.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఈ శీర్షిక రాయకముందు నేను డేటాబేస్‌ల (కంపెనీ సమాచారమంతా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) మీద పనిచేసేవాణ్ని. మా ఆఫీసులో వాడే డేటాబేస్‌కు ఏటా కట్టే లైసెన్సు ఫీజు భారమైపోయి, చవకగా వచ్చే ఇంకోదానికి మారాలనుకున్నారు. ఆరు నెలల పని అనుకున్నాం. డేటా మూడు వారాల్లోనే అటు వెళ్లిపోయింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. జీతాల లెక్కలన్నీ డేటాబేస్ లోపలే రాసిపెట్టిన వందలాది చిన్న ప్రోగ్రాముల్లో ఉన్నాయి. రాసినవాళ్లు ఎప్పుడో ఉద్యోగం మానేశారు. ఒక రాత్రి పాత రిపోర్టు, కొత్త రిపోర్టు ప్రింట్ తీసి, స్కేలు అడ్డం పెట్టుకుని వరసవరసా పోల్చుకుంటూ కూర్చున్నాను. కొన్ని వరసల్లో చివరి అంకె ఒకటి తేడా. తెల్లవారుజామున దొరికింది కారణం: అంకె సరిగ్గా సగం దగ్గర ఆగితే పాతది పైకి సవరిస్తోంది, కొత్తది దగ్గరలోని సరిసంఖ్యకు సవరిస్తోంది (2.5ను పాతది 3 చేస్తే, కొత్తది 2 చేస్తోంది). ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. పద్నాలుగో నెలలో ప్రాజెక్టు ఆపేశారు. ఈలోగా పాత కంపెనీ ఫీజు పెంచింది. మారుమాట్లాడకుండా సంతకం పెట్టాం. ఆ కంపెనీకి అంత లాభం ఎక్కడి నుంచి వస్తోందో ఆ రోజు నాకు బోధపడింది.

పాత చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడు లోపలి ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. ఆ సిస్టమ్‌ను వేరేవాళ్లకూ అమ్ముకునే హక్కును మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. కొద్దికాలానికే కాంపాక్ లాంటి కంపెనీలు అచ్చం అలాంటి మెషిన్లే చేసి అమ్మాయి. జనానికి పెట్టె మీద ఏ పేరున్నా పర్వాలేదు, తమ ప్రోగ్రాములు నడిస్తే చాలు. పీసీల మార్కెట్ మహా వేగంగా పెరిగింది, ఆ సొమ్ము మాత్రం ఎక్కువగా ఇంటెల్, మైక్రోసాఫ్ట్‌లకు పోయింది. ఐబీఎం 2005లో పీసీ వ్యాపారాన్నే లెనోవోకు అమ్మేసింది. అందుకే ‘ఈ రంగం పెరుగుతుంది’ అన్న మాట విన్నప్పుడల్లా, ఆ గొలుసులో ఏ కంపెనీని తప్పించుకుని వెళ్లలేరో వెతకండి.

మార్కెట్ వాటా పెద్దదైనంత మాత్రాన పట్టు ఉన్నట్టు కాదు. 2007లో ప్రపంచంలో అమ్ముడైన ప్రతి 10 ఫోన్లలో దాదాపు 4 నోకియావే. కానీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే నోకియాతో బంధం తెగిపోయేది. ఆ ఏడాదే ఐఫోన్, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాయి. 2014 కల్లా నోకియా ఫోన్ల విభాగం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది.

ఇప్పుడు అందరి నోటా వినిపించే, ఏఐకి వాడే చిప్‌లు చేసే ఎన్విడియాను ఇలాగే చూడండి. చిప్‌ల వేగం గురించే అందరూ మాట్లాడతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ చిప్‌ల మీద ప్రోగ్రాములు రాసుకోవడానికి ఎన్విడియా 2007లో విడుదల చేసిన క్యుడా అనే సాఫ్ట్‌వేర్. పరిశోధకులు ఏళ్ల తరబడి దాని మీదే కోడ్ రాసుకుంటూ వచ్చారు. 2012లో బొమ్మలను గుర్తుపట్టే పోటీలో నెగ్గిన అలెక్స్‌నెట్ అనే ఏఐ ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చింది కూడా రెండు ఎన్విడియా గేమింగ్ కార్డుల మీదే. ఆ కోడంతా వేరే చిప్ మీదికి మార్చాలంటే మా జీతాల రిపోర్టు కథే. అయితే గూగుల్, అమెజాన్ లాంటి పెద్ద కొనుగోలుదార్లు సొంత చిప్‌లు చేసుకుంటున్నారు. వాళ్ల దగ్గర ఆ పని చేయగల ఇంజినీర్లున్నారు. చిన్న కస్టమర్ల మీద ఉన్నంత పట్టు వీళ్ల మీద ఉండదన్నది నా అభిప్రాయం. అమెరికాలో లిస్టయిన కంపెనీలు, అమ్మకాల్లో 10 శాతం, అంతకు మించి ఒకే కస్టమర్ నుంచి వస్తే ఆ సంగతి వార్షిక నివేదికలో చెప్పి తీరాలి. ఆ పేజీని వదలకుండా చదవండి.

టెస్టింగ్‌లో ఉన్నారు కాబట్టి మీకో వీలుంది. మీ ఆఫీసులో అందరూ తిట్టుకుంటూనే ఏటా రెన్యూ చేసే సాఫ్ట్‌వేర్ ఏదో గమనించండి. ఎందుకు మానలేకపోతున్నారో అకౌంట్స్ వాళ్లనూ, సిస్టమ్స్ వాళ్లనూ అడగండి. నేనైతే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

ప్రశ్న: గెలిచే కంపెనీ ఏదో నాకు స్పష్టంగా తెలుసు. రేటు ఎక్కువని టెన్షన్ పడకుండా కొనేయవచ్చా?
– ఇంకో పాఠకుడు

జవాబు: వద్దండి. 2000 మార్చిలో, ఇంటర్నెట్ పరికరాలు చేసే సిస్కో షేర్లు కొన్నవాళ్లకూ మీలాగే స్పష్టంగా తెలుసు. ఇంటర్నెట్ పెరుగుతుందనుకున్నారు, పెరిగింది. డేటాకు దారి చూపే రూటర్లలో సిస్కోనే ముందుంటుందనుకున్నారు, ఉంది. కానీ ఒక్కో షేరు మీద కంపెనీ ఏటా సంపాదించే లాభానికి 100 రెట్లకు పైగా ధర పెట్టి కొన్నారు. 80 డాలర్ల దాకా వెళ్లిన షేరు 2002లో 10 డాలర్ల కిందికి పడింది. పాత ధర మళ్లీ రావడానికి 20 ఏళ్లకు పైగా పట్టింది. 1999 చివర్లో మైక్రోసాఫ్ట్ కొన్నవాళ్లు కూడా అదే ధర మళ్లీ చూడటానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యలో కంపెనీ లాభాలు పెరిగాయి, అయినా అంతే.

మీరు మనసులో పెట్టుకున్న కంపెనీ ధర లాభానికి ఎన్ని రెట్లుందో ఉత్తరంలో రాయలేదు. ఆ అంకె తీసుకుని, లాభం పెరిగే వేగం ఇప్పుడున్న దాంట్లో సగమే అయితే పదేళ్ల తర్వాత చేతికి ఎంత వస్తుందో కాగితం మీద లెక్క వేయండి. అప్పటికీ కొనాలనిపిస్తే ఆ కాగితంతో సహా మళ్లీ రాయండి, చూస్తాను.