బోర్డులో కూర్చోబోయే అమ్మాయికి

అమ్మాయీ,

పద్దెనిమిది నిండని పిల్లల మీద వచ్చే నేరాల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో నిన్ను మెంబరుగా వేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, సంతోషం. మేజిస్ట్రేటు గారి పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లను కూర్చోబెట్టింది ఉత్తినే సంతకాలు పెట్టడానికి కాదు, అది ముందు గుర్తుపెట్టుకో. దొంగతనాల కేసులు నాలుగు రోజుల్లో అలవాటైపోతాయి. నిద్ర పట్టనివ్వనిది హత్య కేసు, అందులోనూ పదహారు నిండిన పిల్లాడిది.

2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరమైతే, వాణ్ని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని మూడు నెలల్లో మీరే తేల్చాలి. వాడు చేశాడా లేదా అన్నది అప్పుడు మీ ముందున్న ప్రశ్నే కాదు. చేయగల ఒంటి శక్తి, మానసిక శక్తి వాడికి ఉన్నాయా, దాని ఫలితం ఏమిటో తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగిందంటున్నారు, అంతే. పోలీసు ఫైల్లో ఫొటోలు చూసి, టీవీలో అరుపులు విని, నేరం ఎంత ఘోరమో దాన్నిబట్టి పిల్లాడి బుద్ధిని కొలవకు. నేను కొలిచాను.

ఒక కుర్రాడు, స్నేహితుణ్ని పొడిచిన కేసు. అరగంట అడిగినా ప్లాస్టిక్ కుర్చీ అంచు గోకుతూ కూర్చున్నాడు, ఆఖరికి తలెత్తి "సార్, సోమవారం ఇంటర్ ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఆ రోజుకి పంపించేస్తారా?" అన్నాడు. అవతల పిల్లాడు పోయి వారమైంది. ఎంత పొగరు అనుకున్నాను. సైకాలజిస్టు రెండుసార్లు మాట్లాడాక తెలిసింది, జరిగిందేమిటో వాడి బుర్రకు ఇంకా ఎక్కనే లేదని. బోర్డులో ఎవరికీ పిల్లల మనస్తత్వంలో డిగ్రీ లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాకపోతే ఐక్యూ అంకె ఒకటి రాసిచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకు.

వరండాలో చనిపోయిన పిల్లాడి అమ్మ ఉంటుంది. బోర్డే విచారిస్తే మహా అయితే నేరం చేసిన పిల్లల్ని ఉంచే స్పెషల్ హోమ్‌లో మూడేళ్లు, అది ఆమెకు న్యాయంలా కనిపించదు, నిజం చెప్పాలంటే ఒకటి రెండు కేసుల్లో నాకూ కనిపించలేదు. ఆమె మాట పూర్తిగా విను, సెక్షన్లు మాత్రం చెప్పకు. అలాగని పెద్దవాళ్లలా విచారించే చిల్డ్రన్స్ కోర్టుకు పంపేస్తే పీడ వదిలిందనీ అనుకోకు, అక్కడ కూడా ఉరి లేదు, 21 నిండేదాకా మామూలు జైలుకు పంపరు.

పిల్లాడి ఇంటి పరిస్థితులు కనుక్కుని రాసే ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టులో "తండ్రి కూలీ, పేద కుటుంబం" అని రెండు లైన్లే ఉంటే వెనక్కి పంపు. కాలేజీకి ఎప్పటినుంచి పోవట్లేదో, రాత్రిళ్లు ఎవరితో తిరిగాడో కనుక్కు రమ్మను.

ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను, టెన్షన్‌గా ఉంటే ఫోన్ చెయ్. పిల్లల పేర్లు మాత్రం నాకు కూడా చెప్పకు.