మీరు కొన్నది పడవ తెడ్డు కాదు

పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ సంతలో తెడ్డు కొన్నారని, దాని మీద మోకాళ్లు మడిచి, చేతులు పైకెత్తిన మనిషి బొమ్మ ఉందని, అది నిజం తెడ్డేనా, ఇండియాకి తీసుకురావచ్చా అని అడిగారు కదా.

నేను పాపువా న్యూ గినీలో మూడేళ్లు అకౌంట్స్ పని చేశాను. అందులో ఏడాదిన్నర బూకా దీవిలోనే. దాని పక్కనే ఉన్న పెద్ద దీవి బూగెన్‌విల్. నలుపు, ఎరుపు, తెలుపు రంగులన్నారు కాబట్టి మీది బూకా, బూగెన్‌విల్ పద్ధతిలో చెక్కిందే. ఆకారం తెడ్డుదే కానీ పట్టుకునేది నాట్యానికి. పాటా ఆటా కలిసిన వేడుకని అక్కడ సింగ్‌సింగ్ అంటారు.

ఆ బొమ్మ తల మీద బుడగలా ఉబ్బిందేమిటో చూశారా? నేను మొదట జుట్టు ముడి అనుకున్నాను. అది ఉపే అనే టోపీ. ఆకులతో అల్లుతారు. మగపిల్లలు పెద్దవాళ్లయ్యే క్రమంలో ఊరికి దూరంగా అడవిలో ఉంటూ, జుట్టు కత్తిరించకుండా ఆ టోపీ లోపలే పెంచుతారు. ఆ జుట్టు ఆడవాళ్ల కంట పడకూడదు. గడువు తీరాక టోపీ తీసి, జుట్టు కత్తిరిస్తారు. అప్పుడు మగవాడి కింద లెక్క. టోపీని చూడటానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు, బూగెన్‌విల్ జెండా మధ్యలో ఉన్నదే అది!

ఇదంతా తెలియక ఒకసారి ఆఫీసులో పక్క సీటావిడని, "లోపల జుట్టు ఎలా ఇముడుతుందండీ?" అని అడిగేశాను. ఆవిడ నవ్వి, "అది మగవాళ్లనడుగు" అని టీ కప్పు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. తర్వాత డ్రైవర్‌ని అడిగితే సగం చెప్పి, మిగతాది నీకెందుకన్నాడు. నేనూ మళ్లీ అడగలేదు.

ఇక తీసుకురావడం సంగతి. పిడి అరిగి, రంగు వెలిసి నిజంగా పాతదనిపిస్తే ముందు పోర్ట్ మోర్స్‌బీలోనే, వైగానీ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ మ్యూజియంలో చూపించండి. పాత సాంస్కృతిక వస్తువుల్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమ్మకానికి కొత్తగా చెక్కిందైతే రసీదు దగ్గర పెట్టుకోండి. అయినా పురుగు సంగతి చూసుకోవాలి. నా మొదటి తెడ్డుని పేపర్లో చుట్టి తెచ్చాను. దారిలో విమానం మారేచోట విప్పితే చిన్న చిల్లుల్లోంచి పిండిలా పొడి రాలింది. మందు పొగ వేయించడానికి చెప్పిన ఖర్చు తెడ్డు ధర కంటే ఎక్కువ. వదిలేసి వచ్చాను. రెండోదాన్ని కొనేముందు తెల్ల కాగితం మీద పెట్టి తట్టి చూశాను. పొడి రాలలేదు, తెచ్చుకున్నాను. ఇప్పుడు విజయవాడలో మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లు కృష్ణలో దొరికిందా అని అడుగుతుంటారు.