మీటింగుకి వెళ్ళేముందు మొహమాటం పక్కన పెట్టు

అమ్మలూ,

నిన్న పొయ్యి మీద పప్పు పెట్టి ఫోనెత్తాను, నువ్వు అడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను. బాబుని సెల్ఫ్ డిటర్మినేషన్ ప్రోగ్రామ్‌లోకి, అంటే వైకల్యం ఉన్నవాళ్ళ సేవలకిచ్చే డబ్బుని ఎలా వాడాలో వాళ్ళూ ఇంటివాళ్ళే తేల్చుకునే పద్ధతిలోకి, మార్చాలా వద్దా అన్నావు. మార్చు. కానీ ఈ నెలలోనే వద్దు. దానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అది చెయ్యకుండా మావాణ్ణి చేర్పించి మేం రెండేళ్ళు ఇబ్బంది పడ్డాం.

గడిచిన 12 నెలల్లో రీజినల్ సెంటర్ (ఈ సేవలు ఏర్పాటు చేసే సంస్థ) బాబు కోసం ఎంత ఖర్చు పెట్టిందో చూసి, దాని మీదే వాడి బడ్జెట్ కడతారు. ఇక మన ఇళ్ళ సంగతి నీకు తెలుసు. అక్కడి నుంచి సర్వీస్ కోఆర్డినేటర్ వచ్చి "ఇంకేమైనా కావాలా?" అంటే, కాఫీ చేతికిచ్చి "అబ్బే, ఏం వద్దండీ, మేమే చూసుకుంటున్నాం" అంటాం. నేను పదేళ్ళు అదే మాట అన్నాను. రెస్పైట్, అంటే మనం కాస్త విశ్రాంతి తీసుకునేలా కాసేపు వేరే మనిషి వచ్చి చూసుకోవడం, అది కూడా అడగలేదు. కన్నబిడ్డని పరాయి మనిషికి అప్పగించి నేను పడుకోవడమేమిటి అనుకునేదాన్ని. ఆ మాటలన్నీ ఫైల్లో "అవసరం లేదు" అని పడ్డాయి. చివరికి బడ్జెట్ అంకె చూసి మీ పెదనాన్న ఆ రాత్రి అన్నం తినలేదు.

కాబట్టి ముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకో. రాత్రి వాడు ఎన్నిసార్లు లేచాడు, పక్కన ఎవరు కూర్చున్నారు, స్నానానికి ఎంతసేపు పట్టింది, వాడి కోసం నువ్వు ఎన్ని ఆఫీసు మీటింగులు వదిలేశావు, అన్నీ రాయి. అమ్మ చేసేది ఎవరి లెక్కలోకీ రాదు, మనం రాస్తే తప్ప. ఇంతవరకూ తీరని అవసరాలు ఉంటే వాటిని బట్టి బడ్జెట్ పెంచడానికి చట్టంలోనే వీలుంది. బాబుకి ఏ సేవలు కావాలో ప్లాన్ రాసే ఐపీపీ మీటింగులో ఆ నోట్‌బుక్ బల్ల మీద పెట్టి అడుగు. ఇది ఎవరి దయా కాదు. 1969లో వచ్చిన లాంటర్‌మన్ చట్టం కాలిఫోర్నియాలో ఈ సేవలను హక్కుగా చేసింది. ఎవరైనా కాదంటే రాతపూర్వకంగా నోటీసు ఇమ్మను, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. మీ ఆఫీసులో హెచ్‌1 వీసా మీద ఉన్న ఆ అమ్మాయికి కూడా చెప్పు. రీజినల్ సెంటర్ వీసా చూడదు. కాలిఫోర్నియాలో నివాసం ఉండాలి, వైకల్యం 18 ఏళ్ళలోపు మొదలై ఉండాలి. భయంతో ఆ పిల్ల ఏళ్ళు పోగొట్టుకోకూడదు.

ఇక ప్లాన్ సంగతి. 2021 జులైలో ఈ ప్రోగ్రామ్ అందరికీ తెరిచాక మేం చేరాం. మొదటి ప్లాన్ నేనే రాశాను. నిండా థెరపీలే. రెండో ఏడు ప్లాన్ రాయడానికి సాయం చేసే ఫెసిలిటేటర్‌గా వచ్చినావిడ నన్ను కాసేపు ఆగమని, మావాడి వైపు తిరిగి "నీకేం ఇష్టం?" అంది. వాడికి మాటలు తక్కువ. టాబ్లెట్ తీసి బార్ట్ రైళ్ళ మ్యాప్ చూపించాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను ఆ ప్రశ్న అడగలేదు, అమ్మలూ. ఇప్పుడు ప్రతి మంగళవారం సహాయకుడితో ఫ్రీమాంట్‌లో రైలెక్కి బర్కిలీ దాకా వెళ్ళొస్తాడు. క్లిప్పర్ కార్డు తనే తీసి గేటుకి ఆనిస్తాడు. ఇంటికొచ్చి ఆ కార్డు నా చేతిలో పెట్టేటప్పుడు వాడి మొహం నువ్వొకసారి వచ్చి చూడాలి.

మనిషిని మనమే ఎంచుకోవచ్చు, ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైంది అదే. మావాడు నొప్పి వస్తే "అబ్బా" అంటాడు, దాహం వేస్తే "నీళ్ళు" అంటాడు. ఏజెన్సీ పంపినవాళ్ళకి అవి అర్థమయ్యేవి కావు, దాహానికి ఏడిస్తే ప్రవర్తన బాగాలేదని రాసేవాళ్ళు. ఇప్పుడు వచ్చే అబ్బాయి విజయవాడ వాడు. తెలుగులో పలకరిస్తే సగం కోపం అక్కడే దిగిపోతుంది. ఒంటి పనులు చూసేవాళ్ళకి నేర చరిత్ర తనిఖీ తప్పనిసరి, తెలిసినవాళ్ళే కదా అని దాటవెయ్యాలని చూడకు.

సహాయకుల జీతాలు, పన్నులు ఎఫ్ఎంఎస్ (ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ సర్వీస్) కంపెనీ చూస్తుంది. అది లేకుండా ఈ ప్రోగ్రామ్ నడవదు. బిల్లులు మాత్రం కట్టే పద్ధతి, యజమాని బాధ్యత వాళ్ళూ మనమూ పంచుకునే కో-ఎంప్లాయర్ పద్ధతి, పూర్తిగా మనమే యజమానులయ్యే పద్ధతి అని మూడున్నాయి. మొదటిసారికి కో-ఎంప్లాయర్ తీసుకో, టెన్షన్ తక్కువ. కంపెనీని తేల్చుకునేముందు మాత్రం కొత్త మనిషిని జీతాల లెక్కలోకి ఎక్కించడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఫోన్ ఎవరెత్తుతారు అని అడుగు. మా మొదటి కంపెనీ జీతం ఆలస్యం చేసింది, బంగారంలాంటి అమ్మాయి మానేసి వెళ్ళిపోయింది. మావాడు నెల రోజులు గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

ఇంటద్దెకీ సరుకులకీ ఈ డబ్బు పనికిరాదు. స్కూలు ఇవ్వాల్సింది స్కూలే ఇవ్వాలి. ఐహెచ్ఎస్ఎస్, అంటే ఇంట్లో చూసుకునేవాళ్ళకి గంటల లెక్కన జీతమిచ్చే ప్రభుత్వ పథకం, దానికి ఇంకా అప్లికేషన్ పెట్టుకోకపోతే ముందు అది పెట్టుకో, దాని కింద తల్లిదండ్రులు కూడా జీతం తీసుకోవచ్చు. ఇక్కడ కుదరకపోతే పాత పద్ధతికి వెనక్కి వెళ్ళొచ్చు. కానీ అలా మనంతట మనం బయటికొస్తే, మళ్ళీ చేరడానికి కనీసం 12 నెలలు ఆగాలి. కోపంలో ఆ పని చెయ్యకు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. నోట్‌బుక్ తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. బాబుకి మెత్తగా పప్పన్నం కలిపి ఉంచుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ