మీ చెవికేం లోటు లేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, నాన్నగారికి 74. పంతొమ్మిదో ఏట లైసెన్స్ తెచ్చుకున్నప్పటి నుంచీ హామ్ రేడియోయే, అంటే సరదాకి సొంత రేడియోతో దూరదూరాల వాళ్లతో మాట్లాడుకోవడమే, ఆయన లోకం. అమ్మ పోయాక ఆ పెట్టెలన్నీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చేశారు. నన్ను అడిగే యాంటెనా కట్టుకున్నారు. రోజూ తెల్లవారకముందే ‘డా-డి-డా-డిట్, డా-డా-డి-డా’ అంటూ మోర్స్ కోడ్ చప్పుడు మొదలవుతుంది. టీవీలో గీతలొస్తాయి. ఆ తరంగాలు పిల్లాడికి మంచివి కావేమోనని భయం. మా ఆవిడ పైకి అనదు గానీ ఇబ్బంది పడుతోంది. నాకు మాత్రం ఆ రేడియో ఏనాడూ అబ్బలేదు. పదకొండేళ్లప్పుడు నేర్పబోయి, ‘నీకు చెవి లేదురా’ అని వదిలేశారు. ఆయన మనసు నొచ్చుకోకుండా ఇదంతా తీసేయమని ఎలా చెప్పాలి?

జవాబు: అది మాత్రం నేను చెప్పను. టీవీ గీతలకు ఫిల్టర్లున్నాయి, చప్పుడుకు హెడ్‌ఫోన్ ఉంది. ఇక పిల్లాడి సంగతంటారా, అవి ఎక్స్‌రేల్లాంటి కిరణాలు కావు. ఎంత పవర్‌కి యాంటెనా మనుషులకు ఎంత దూరంలో ఉండాలో లెక్కలున్నాయి. ఆయన్నే అడగండి, కాగితం మీద వేసి చూపిస్తారు. మీ ఆవిడ పైకి అననిది మీకెలా తెలిసింది? ఆవిణ్ణి అడ్డం పెట్టుకోకండి.

మీ ఉత్తరంలో అసలు మాట ‘నన్ను అడిగే’ అన్నది. కన్నతండ్రి కొడుకింట్లో ఒక తీగ కట్టుకోవడానికి అనుమతి అడిగాడు. అది చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. మీరేమో దాన్ని మీ మంచితనం కింద రాసుకున్నారు.

మా మేనమామ హామ్. చనిపోయిన హామ్‌ని వాళ్లు ‘సైలెంట్ కీ’ అంటారు. ఆయన అలా అయ్యాక ఆ గదిని ఒక్క పూటలో ఖాళీ చేశాం. క్యూఎస్ఎల్ కార్డులని, ఫలానా రోజు ఫలానా వేళ నీతో మాట్లాడానని అవతలివాళ్లు సాక్ష్యంగా పంపే కార్డులు, అట్టపెట్టెల నిండా ఉండేవి. తూకానికేశాం. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి మీ ఉత్తరంలో ఇంకోటి కనిపించింది. మీరు రాసిన చప్పుడు అక్షరాలా సీక్యూ. ‘ఎవరైనా ఉన్నారా, మాట్లాడతారా’ అని అందరికీ వేసే కేక. మోర్స్‌లో ప్రతి అక్షరం చుక్కలూ గీతలే; గీతంటే ‘డా’. పైగా అక్షరం లోపలి చుక్కను ‘డి’ అనీ, అక్షరం చివరి చుక్కను ‘డిట్’ అనీ రాశారు. చెవితో నేర్చుకున్నవాళ్లే అలా రాస్తారు. ముప్ఫై అయిదేళ్ల కిందట వదిలేసిన పాఠం మీలో చెక్కుచెదరలేదు. మీ బాధ రేడియో కాదు, ఆ ఒక్క మాట. అది అనడం ఆయన తప్పే, పెద్దాయనని వెనకేసుకురాను. నేర్పడం చేతకాక పిల్లాడి చెవి మీదికి నెట్టేశారు. కానీ దానికి బదులు ఇప్పుడా తీర్చుకోవడం, ఆయన మీ పంచన ఉండగా?

తెల్లవారకముందే ఎందుకంటారా, మిమ్మల్ని లేపడానికి కాదు. పగలు ఆకాశంలో కింది పొర ఆ తరంగాల్ని మింగేస్తుంది. పొద్దు పొడవబోయే వేళ అది ఇంకా గట్టిపడదు, పై పొర వాటిని మహా దూరాలకు విసురుతుంది. హామ్‌లు వాడే తరంగాల్లో నలభై మీటర్ల బ్యాండ్ అనే వరస మీద దూరదేశాలు దొరికేది అప్పుడే.

రేపు ఆ వేళకు లేచి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చోండి. రెండో హెడ్‌ఫోన్ ఉందా అని అడగండి. ప్రాక్టీస్ ఆసిలేటర్, అంటే సాధనకు చప్పుడు మాత్రమే చేసే పెట్టె, ఉంటే దాని మీద మీరే సీక్యూ కొట్టండి. గాల్లోకి ఏమీ పోదు, లైసెన్స్ అక్కర్లేదు. తప్పు కొడితే ఈసారి ఏమంటారో వినండి. ‘చెవి లేదు’ అని మళ్లీ అంటే, అప్పుడన్న మాట ఇన్నేళ్లూ గుచ్చుకుంటోందని మొహమాటం లేకుండా చెప్పేయండి. యాంటెనా మాట ఓ నెల తర్వాత, అప్పటికీ అడగాలనిపిస్తే, నాకు రాయండి.