చిట్టీ మీద ఓడీ అని ఉంటే

నల్లగొండ

అల్లుడా,

దేవరకొండల మెడికల్ షాపు తెరుస్తున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. శాన సంతోషమైంది. ర్యాకులు, ఫ్రిజ్జు, లైసెన్సు సంగతి నువ్వు చూసుకుంటవు. నేను రాసేది ఒక్క పొట్టి మాట గురించి: ఓడీ.

చిట్టీల మీద డాక్టర్లు రాసే పొట్టి రాతలు శానమట్టుకు లాటిన్‌వే. ఓమ్ని డియే అంటే ప్రతిరోజు. అదే ఓడీ, అంటే రోజుకొక్కసారి. బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పండుకునే ముందు. ఇవి నీకు కాలేజీలనే నోటికొచ్చినయి. కంటి డాక్టరు రాసే ఓడీ మాత్రం వేరు. అది ఆక్యులస్ డెక్స్‌టర్, కుడి కన్ను. ఓఎస్ అంటే ఎడమ కన్ను.

నేను షాపు పెట్టిన రెండో ఏడు, చందంపేట దిక్కు ముసలవ్వ ఒకామె శుక్లాల ఆపరేషన్ చేయించుకొని వచ్చింది. చిట్టీల చుక్కల మందు పేరు, పక్కన ఓడీ, కింది వరుసల క్యూఐడీ, అంటే రోజుకు నాలుగుసార్లు. ఆ కింది వరుస మడతల ఉంది. నేను మడత విప్పలేదు. "రోజుకొక్కసారి ఎయ్యి అవ్వా" అన్న. ఎయ్యాల్సింది నాలుగుసార్లు. అయిదో రోజు కన్ను చింతనిప్పోలె చేసుకొని వచ్చింది. అప్పటికప్పుడు ఆటోల దవాఖానకు తీస్కపోయిన. చూపు దక్కింది గని, ఆ మడత నాకిప్పటికీ యాదికొస్తది.

అందుకే చిట్టీ పూర్తిగ విప్పు. రాసింది ఏ డాక్టరో ముందు చూడు. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ గోలి వారానికొక్కసారే. దాని పక్కన ఓడీ కనబడ్డదంటే, షాపుల ఎంత మందున్నా సరే, డాక్టరుకు ఫోన్ కొట్టినంకనే గోలి చేతికియ్యి. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తది.

ఎస్‌ఓఎస్ కూడ లాటినే. సి ఓపస్ సిట్, అంటే అవసరమైతేనే. మనోళ్లు దాన్ని కూడ మిగతా గోలీలతోని కలిపి మూడు పూటలా మింగుతరు. పారాసిటమాల్ 650 అయితే, "జ్వరమొస్తేనే ఏసుకో, మళ్ల ఏసుకోవాలంటే ఆరు గంటలు ఆగు" అని నోటితోని చెప్పు.

కవరు మీద తెలుగుల రాయి. చదువురానోళ్లకు బొమ్మ గీయి. సూర్యునికి కిరణాలు పెట్టు, చంద్రుణ్ణి నెలవంక లెక్క గీయి. రెండూ గుండ్రంగ గీస్తే పొద్దేదో మాపేదో తెలువదు. ఆఖరుకు వాళ్లతోనే తిరిగి చెప్పించు. కంటి చుక్కలైతే ఏ కన్నో వేలు పెట్టి చూపియ్యమను.

తెరిచిన వారం నేనొచ్చి గల్లా పక్కన కూసుంట.

మీ మామ