కళింగపట్నం దగ్గర వలలకు తగులుతున్న పలకరాళ్లు మునిగిపోయిన ఊరివేనా? జలప్రళయం కథకూ వాటికీ సంబంధం ఉందా?

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయాయి. వంశధార మొగకు ఎదురుగా వలలకు పలకల్లాంటి రాళ్లు తగలడం ఒకటి. "ఒకప్పుడు ఇక్కడ పెద్ద పట్నం సముద్రంలో కలిసిపోయింది" అని ఊరి పెద్దలు చెప్పడం రెండోది. వీడియోల్లో చూపిస్తున్న పన్నెండు వేల ఏళ్ల నాటి నగరాలు మూడోది. వీటిని విడదీసి చూస్తేనే ఏదైనా తేలుతుంది.

రాయి ఎలా ఉందని అందరూ ముందు అడుగుతారు. ముందు అడగాల్సింది ఎంత లోతులో తగిలిందని.

సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందికి ఉండేది. మంచు కరుగుతున్న కొద్దీ నీరు పైకి వచ్చింది. 11,500 ఏళ్ల కిందటికి మట్టం ఇప్పటికన్నా దాదాపు 60 మీటర్లు తక్కువ, 9,000 ఏళ్ల కిందటికి ఇరవై పైచిలుకు మీటర్లు తక్కువ. గత ఆరేడు వేల ఏళ్లలో పెరిగింది రెండు మూడు మీటర్లే. చివరి రెండు వేల ఏళ్లలో అంతకన్నా చాలా తక్కువ. ఇవి ప్రపంచం మొత్తానికి వేసిన లెక్కలు, తీరాన్ని బట్టి కాస్త అటూ ఇటూ మారతాయి.

ఇప్పుడు దీన్ని మన వాళ్ల కొలతలోకి తెద్దాం. వేటకెళ్లేవాళ్లు లోతు బారల్లో చెబుతారు. బార అంటే ఇంచుమించు ఆరడుగులు, 1.8 మీటర్లు. రాయి పదిహేను బారల్లో తగిలిందంటే 27 మీటర్లు. ఆ లోతున ఎవరైనా పొడినేల మీద గోడ కట్టి ఉంటే అది తొమ్మిది వేల ఏళ్లకు ముందటి మాట. అప్పటికి ఇనుప ఉలీ లేదు, కాల్చిన ఇటుకా లేదు. కాబట్టి పదిహేను బారల్లో దొరికిన రాయి మీద ఉలిగాట్లు తేటగా ఉంటే, అది ఓడలోంచి పడిందే తప్ప అక్కడ కట్టింది కాదు.

అదే రాయి రెండు మూడు బారల్లో, ఒడ్డుకు దగ్గరగా దొరికితే కథ వేరు. దగ్గర్లోని శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు రెండువేల ఏళ్ల నాటివి. కళింగ కాలంలో ఈ మొగ దగ్గర ఓడరేవు ఉండేది, ఇంగ్లీషువాళ్ల కాలంలోనూ ఉంది. ఆ రోజుల్లో ఒడ్డున కట్టింది ఏదైనా ఇప్పుడు మూడు బారల అడుగున ఉందంటే నీరు పెరిగి ముంచింది కాదు, అంత పెరగలేదు గనక. ఒడ్డు కోసుకుపోయి పడింది.

ఆ పడడం ఎలా జరుగుతుందో తెలిస్తే అడుగున కనిపించేది అర్థమవుతుంది. తుపాను అల గోడ మొదట్లో ఇసుకను తోడేస్తుంది. పునాది కింద గుల్ల పడుతుంది, గోడ సముద్రం వైపు ఒరిగి కూలుతుంది. తరవాత ప్రతి తుపానుకూ రాళ్ల కింది ఇసుక కొంచెం కొంచెంగా పోతూ, రాళ్లు గట్టినేల తగిలేదాకా దిగుతూనే ఉంటాయి. అంటే రాయి ఇప్పుడున్న మట్టం, అది కట్టినప్పుడున్న మట్టం ఒకటి కావు. ఇటుకలు అరిగి గులకరాళ్లవుతాయి. వెయ్యేళ్ల తేడా ఉన్న కుండపెంకులు ఒకే పొరలో కలిసిపోతాయి. తీరం దగ్గర దొరికిన పెంకుతో పక్కనున్న రాతికి వయసు కట్టేవాళ్లు తప్పేది ఇక్కడే.

ఊళ్లు నిజంగా మునిగిన చోట్లున్నాయి, కారణాలు తెలుసు. జమైకాలో పోర్ట్ రాయల్ 1692 భూకంపానికి ఇసుకనేల నీళ్లలా మారి జారిపోయింది. ఈజిప్టు థోనిస్-హెరాక్లియన్ నైలు డెల్టా మెత్తటి బంకమట్టి మీద కట్టినది, ఆ నేలే కుంగింది. 2000లో దొరికింది. ఇటలీలో బాయె కింద అగ్నిపర్వతం నేలను ఎత్తుతూ దించుతూ ఉంటుంది. సముద్రమట్టం పెరిగే మునిగిందని చెప్పదగ్గ చక్కటి ఉదాహరణ ఇజ్రాయెల్ తీరంలోని అత్లిత్ యామ్: 8 నుంచి 12 మీటర్ల లోతు, సుమారు 9,000 ఏళ్ల వయసు, మంచినీటి బావితో సహా. మన శ్రీకాకుళం, విజయనగరం తీరం తూర్పు కనుమల పాత గట్టిరాయి పక్కన ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల్లా కుంగే నేల కాదు. అందుకే ఇక్కడ కోతనే ముందు అనుమానించాలి.

ఇక మీ పలకరాళ్లు. మూడు రకాలు కావచ్చు.

మొదటిది, సహజమైన రాయి. మన తూర్పు కనుమల రాయి ఖొండలైట్ పొరలు పొరలుగా ఉంటుంది, వాటికి అడ్డంగా నిలువు పగుళ్లుంటాయి. అల ఆ పగుళ్ల వెంట తొలిస్తే మెట్లు, అరుగులు, నలుపలకల దిమ్మలు తయారవుతాయి. విజయనగరం వైపు శాంతపల్లి దీపస్తంభం పెట్టింది నీటికింద దాక్కున్న రాళ్ల గురించి ఓడలను హెచ్చరించడానికే. జపాన్ యొనాగుని దగ్గర 1986లో కనిపించిన "పిరమిడ్" కూడా పగుళ్లున్న ఇసుకరాయేనని ఎక్కువమంది భూగర్భ శాస్త్రజ్ఞుల మాట. బహామాస్‌లో 1968లో చూసిన బిమినీ "రోడ్డు" ఒడ్డున సున్నంతో గట్టిపడి పగిలిన ఇసుకరాయి. తేల్చుకోవడానికి ఒక పరీక్ష: వరసలో పక్కపక్కనున్న రెండు దిమ్మల పొరలు చూడండి. ఒక దిమ్మలోని గీత పక్కదాన్లోకి అదే ఏటవాలుతో సాగితే అది ఉన్నచోటే పగిలిన రాయి. మనిషి పేర్చిన గోడలో పొరలు రాయికో దిక్కుగా ఉంటాయి.

రెండోది, ఓడ బరువు. సరుకు లేకుండా వచ్చే ఓడ అడుగున రాళ్లు నింపుకుని వచ్చి, రేవులో సరుకు ఎక్కించేటప్పుడు వాటిని సముద్రంలో పారేసేది. కళింగపట్నం, బారువ లాంటి పాత రేవుల ఎదుట అలాంటి రాళ్లు ఉండడం మామూలే. మన జిల్లాలో దొరకని రకం రాయి కుప్పగా కనిపిస్తే ముందు ఇదే అనుకోండి. నా అంచనాలో మీ రాళ్లలో ఎక్కువ ఈ కోవలోవే. ఒకటో మూడో రంధ్రాలున్న రాయి అయితే అది లంగరు. ద్వారక, బేట్ ద్వారక దగ్గర ఇలాంటివి చాలా దొరికాయి.

మూడోది, నిజమైన కట్టడం. ఉలిగాట్లు, రాళ్లను కలిపే ఇనుప పట్టీ కోసం తొలిచిన గాడి, అంటుకున్న సున్నం, ఒకే కొలతలో ఇటుకలు: వీటిలో రెండైనా కలిసి ఉండాలి. ఒక్క నున్నటి ముఖం చాలదు.

నమోదు చేసేటప్పుడు ఇలా చేయండి. వల పట్టిన చోట ఫోనులో జీపీఎస్ గుర్తు పెట్టి, అంకెలు కాగితం మీద కూడా రాసుకోండి. సీసం గుండు కట్టిన తాడుతో లోతు కొలవండి. తేదీ, గంట, నిమిషం తప్పకుండా రాయాలి, ఎందుకంటే మన తీరంలో పౌర్ణమి అమావాస్యలకు పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్ల వరకు ఉంటుంది. విశాఖ పోర్టు పోటుపాట్ల పట్టికతో ఆ తేడా తీసేయకపోతే ఒకే రాయికి రెండు లోతులు వస్తాయి. వల లాగేటప్పుడు రాయి అడుగున కొంతదూరం ఈడ్చుకొస్తుంది, కాబట్టి పైకి తీసిన చోటు కాదు, వల పట్టుకున్న చోటు కావాలి. ఫొటో తీస్తే పక్కన స్కేలు పెట్టండి. గవ్వలు, సున్నపు పెచ్చు గోకకండి. రాతికి ఏ ముఖం మట్టిలో ఉందో, ఏది నీటికి తెరిచి ఉందో చెప్పేది అదే.

కర్ర ముక్క గానీ కుండపెంకు గానీ వస్తే ఎండనివ్వకండి. కర్రను అదే సముద్రపు నీళ్లలో, మూత ఉన్న డబ్బాలో, నీడన ఉంచాలి. ఎండితే ఒక్కరోజులో కుంచించుకుపోయి పగులుతుంది. పెంకులోని ఉప్పు ఎండి స్ఫటికాలైతే పైపొర పెచ్చులుగా ఊడుతుంది. వందేళ్లు దాటిన శిల్పం, శాసనం లాంటివి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, ఇంటికి తీసుకెళ్లొద్దు. తహసీల్దారు ద్వారా కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పండి. భారత పురావస్తు శాఖకు 2001 నుంచి నీటి అడుగు పరిశోధన విభాగం ఉంది.

దిగి చూడాలంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకే వీలు. వరద నెలల్లో మొగ ముందు చెయ్యి చాచితే వేళ్లు కనపడవు, అక్టోబరు నవంబరు తుపాన్ల కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు బోట్లు దొరకవు.

సోనార్ బొమ్మలు, అంటే నీట్లోకి ధ్వని పంపి దాని ప్రతిధ్వనితో గీసే అడుగు బొమ్మలు, చూసి మోసపోయేది ఎందుకో చెప్పాలి. పక్కచూపు సోనార్ బోటు వెనక లాగుతుంటే ఒక్కో గీతగా బొమ్మ వస్తుంది. దూరం పోయేకొద్దీ బోటు నడిచే దిశలో ప్రతి చుక్కా సాగుతుంది, కానీ అడ్డంగా పదునుగానే ఉంటుంది. అలా గుండ్రటి గుట్ట కూడా నలుపలకగా కనిపిస్తుంది. అలకు బోటు ఊగితే ఆ ఊపు సమాన దూరాల్లో గళ్లుగా పడుతుంది. అందుకే కనీసం రెండు దిక్కుల నుంచి, ఒకదానికొకటి అడ్డంగా నడిపి చూడాలి. రెంటిలోనూ అదే చోట మూల కనిపిస్తేనే అది మూల. 2001లో గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో 30–40 మీటర్ల లోతున నగరం దొరికిందని ప్రకటించినప్పుడు వచ్చిన ఆక్షేపణల్లో ఇదొకటి. సుమారు 9,500 ఏళ్లని చెప్పిన కర్ర ముక్క అడుగు గోకితే వచ్చింది, ఏ పొరలోంచి తీసిందీ కాదు. పది మీటర్ల దాకా పోటుపాట్లున్న ఆ చోట ప్రవాహం దేన్నయినా ఎక్కడినుంచైనా తెస్తుంది. కర్ర వయసు కర్రదే, పక్కనున్న గోడది కాదు.

ఇక ప్రళయం. శ్రీకూర్మాన్ని చాలామంది ఇందులోకి లాగుతారు. కూర్మావతారం సముద్ర మథనం కథ, వరద కథ కాదు. వరద కథ మత్స్యావతారానిది, అది కాలంతోపాటు పెరగడం మన గ్రంథాల్లోనే కనిపిస్తుంది. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతికి చిన్న చేప దొరుకుతుంది, కుండలో, తరవాత గుంటలో, చివరికి సముద్రంలో పెరుగుతుంది, ఓడ తాడును దాని కొమ్ముకు కడితే ఉత్తర పర్వతానికి చేరుస్తుంది. అంతే. భాగవతం అష్టమ స్కంధానికి వచ్చేసరికి రాజు ద్రావిడ దేశపు సత్యవ్రతుడు, నది కృతమాల, తాడు వాసుకి, ఓడలో సప్తర్షులు, ఓషధులు, బీజాలు. కథ ఏ నేలకు చేరితే ఆ నేల నదిని కలుపుకుంది.

మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతపు కథ కూడా అంతే. అక్కడి ప్రాచీన కావ్యం గిల్గమేష్‌లో వరద కథ ఉన్న పదకొండో మట్టిపలకను 1872లో జార్జ్ స్మిత్ చదివాక అది బైబిలు వరద కథకు ఎంత దగ్గరో తెలిసింది. 1929లో అక్కడి ఊర్ నగరంలో తవ్వకాలు జరిపిన లియోనార్డ్ వూలీకి మనిషి జాడ లేని ఒండ్రు పొర రెండు నిలువుల మందాన దొరికింది. అదే మహావరద అనుకున్నారు. తరవాత అక్కడిదే మరో పాత నగరం షురుప్పక్‌లో దొరికిన వరద పొర కాలం దానితో కలవలేదు. అంటే ఒక్క వరద కాదు, ఊరికో వరద. ఏటి ఒడ్డున బతికే ప్రతి జాతికీ అలాంటి రాత్రి ఒకటి ఉంటుంది.

అలాగని కథల్లో జ్ఞాపకమే లేదనను. ఆస్ట్రేలియా ఆదిమవాసుల కథలు తీరంలో 21 చోట్ల, "ఈ దీవికి ఒకప్పుడు నడిచి వెళ్లేవాళ్లు" అని చోటు పేరుతో చెబుతాయి. సముద్రగర్భం కొలతలు వాటితో కలుస్తున్నాయి, అంటే ఏడు వేల ఏళ్లకు పైబడిన జ్ఞాపకం. తేడా ఆ చోటు పేరులోనే ఉంది. లోకమంతా మునిగిందంటే కొలవడానికి ఏమీ మిగలదు. ఫలానా మెట్ట మీద గుడి ఉండేదంటే వెళ్లి కొలవచ్చు.

అందుకే మీ ఊరి పెద్దల్ని "ఏ పట్నం?" అని అడగకండి. "ఏ గుర్తుల మీద?" అని అడగండి. మర బోట్లు రాకముందు తెప్పల మీద వెళ్లినవాళ్లు దీపస్తంభం ఏ తాడిచెట్టు మీదికి వస్తుంది, శాలిహుండం కొండ దేని వెనక్కి పోతుంది అని రెండు గీతలు కలిపి చోటు చెబుతారు. ఆ రెండు గీతల్నీ పటం మీద గీసి కలిసిన చోట చుక్క పెట్టండి. అక్కడ లోతు మూడు బారలా, పదిహేను బారలా చూసుకున్నాక రాయి సంగతి మాట్లాడుకుందాం.