కేప్ కాలనీ పూర్వీకులు: ఓడను వదిలి డెత్ నోటీసు వెతకండి

మీ కోడలి పూర్వీకులు 1820లో చాప్‌మన్ ఓడలో కేప్ కాలనీకి (నేటి దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ వలస ప్రాంతం) వచ్చారని, ఇంగ్లండులో వారిది ఏ ఊరో తేలడం లేదని రాశారు. ఓడను కాసేపు పక్కన పెట్టండి. కేప్‌టౌన్ ఆర్కైవ్స్‌లోని ఆస్తి దస్త్రాల్లో డెత్ నోటీసు, అంటే ఒకరు చనిపోయాక వారి వివరాలతో నింపి ఇచ్చిన పత్రం, కోసం చూడండి. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, పిల్లల పేర్లు అందులోనే రాసేవారు. చాలావాటి ప్రతులు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చివర సంతకం ఎవరిదో తప్పక గమనించండి: భార్యదో కొడుకుదో అయితే సరే, పొరుగువారిదైతే చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లను గుడ్డిగా నమ్మకండి. ఆడవారి దస్త్రాలను పుట్టింటి పేరుతోనూ వెతకాలి. ఆ ఓడలో ఎక్కువమంది జాన్ బేలీ నాయకత్వంలోని వలసదారుల బృందంవారే కనుక, లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో సీఓ 48 (కేప్ కాలనీ గురించిన ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు) దస్త్రాలూ చూడండి. వలసదారుల ఉత్తరాలు అక్కడున్నాయి. నోటీసు దొరికితే ఇక్కడ పెట్టండి, ఆ గొలుసుకట్టు రాత కలిసి చదువుదాం.